నోరిల్స్క్: యజమానులు మారిన నగరం

1953 జూలై 15న సోవియట్ ప్రభుత్వం ఉత్తర ధ్రువ వలయానికి ఆవల ఉన్న ఒక పారిశ్రామిక వాడకు నగర హోదా ప్రకటించింది. ఆ వాడ పేరు నోరిల్స్క్. ఉత్తర్వు వెలువడేనాటికి అక్కడి ఖైదీల శిబిరాల్లో ఒకటి ఇంకా అధికారుల స్వాధీనంలోకి రాలేదు. మే నెలాఖరున మొదలైన సమ్మెలో ఖైదీలు పని మానేసి, బారకాసుల మీద నల్ల జెండాలు ఎగరేశారు. చివరి శిబిరాన్ని సైనికులు తుపాకులతో లొంగదీసింది ఆగస్టు 4న. నోరిల్స్క్ కాగితం మీద నగరమైన ఇరవై రోజుల తరువాత.

ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆ నగర చరిత్ర అర్థమవుతుంది. నోరిల్స్క్‌కు పుట్టుక నుంచీ ఒక యజమాని ఉన్నాడు. మొదట రహస్య పోలీసు శాఖ, తరువాత కేంద్ర మంత్రిత్వ శాఖ, ఆపైన ఒక ప్రైవేటు సంస్థ. యజమాని మారిన ప్రతిసారీ ఊరి పేరు ముందు ఒక కొత్త గౌరవం చేరింది. అక్కడ బతికేవారికి ఊరి పాలనలో దక్కిన వాటా ఎంత అన్నది మాత్రం ఎప్పటికప్పుడు వాయిదా పడుతూ వచ్చిన ప్రశ్న. 2020 మే నెలలో వేల టన్నుల డీజిల్ నదుల్లో కలిసినప్పుడు ఆ ప్రశ్నే మళ్ళీ ప్రపంచం ముందుకు వచ్చింది.

దారి లేని ఊరు

నోరిల్స్క్ రష్యాలోని క్రస్నయార్స్క్ ప్రాంతానికి ఉత్తర కొసన, తైమిర్ ద్వీపకల్పానికి ఆనుకుని, 69వ ఉత్తర అక్షాంశం మీద ఉంది. జనాభా సుమారు 1.75 లక్షలు. దేశంలోని మిగతా ప్రాంతాలతో దాన్ని కలిపే రోడ్డు లేదు, రైలు మార్గమూ లేదు. యెనిసెయ్ నది మీది దుదింకా రేవు వరకు ఒక స్థానిక రైలు మార్గం ఉంది. అక్కడి నుంచి సరుకు ఓడల్లో వెళ్ళాలి. మనుషులు ప్రధానంగా విమానంలో వెళ్ళాలి. అందుకే నోరిల్స్క్ వాసులు రష్యాలోని తక్కిన భాగాన్ని ‘ప్రధాన భూభాగం’ అని పిలుచుకుంటారు. తాము ఒక దీవిలో ఉన్నట్టే వారి లెక్క. శీతకాలంలో సుమారు నలభై ఐదు రోజులు సూర్యుడు క్షితిజం మీదికి రాడు. ఉష్ణోగ్రత మైనస్ 50 డిగ్రీల వరకు పడిపోయే రోజులూ ఉంటాయి.

అలాంటి చోట నగరం ఎందుకు కట్టారు? నేల కింద నికెల్, రాగి, కోబాల్టు, ప్లాటినం, పల్లేడియం కలగలిసిన ఖనిజం ఉంది కనుక. ప్రపంచంలో ఏటా గనుల నుంచి వచ్చే పల్లేడియంలో దాదాపు నలభై శాతం ఇక్కడి గనులను నడిపే సంస్థ నుంచే వస్తుంది. పెట్రోలు కార్ల పొగను శుద్ధి చేసే పరికరాల్లో ఆ లోహాన్ని వాడతారు. ఇతర దేశాల నగరాల గాలిని శుభ్రపరచడానికి ఉపయోగపడే లోహాన్ని తవ్వే ఊరు, దశాబ్దాల పాటు భూమి మీద అత్యంత కలుషితమైన నగరాల జాబితాలో ఉంటూ వచ్చింది.

ఆ సంపదను క్రమపద్ధతిలో అన్వేషించిన భూగర్భ శాస్త్రవేత్త నికొలాయ్ ఉర్వాంత్సెవ్. 1919 నుంచీ ఆయన ఆ ప్రాంతంలో సర్వేలు జరిపారు. 1921లో ఆయన బృందం కట్టుకున్న కొయ్య ఇల్లే నోరిల్స్క్‌లో తొలి ఇల్లు. నేడది మ్యూజియం. ఆ ఇంటి యజమానిని 1938లో స్టాలిన్ ప్రభుత్వం అరెస్టు చేసింది. తాను కనుగొన్న ఖనిజం ఉన్న చోటుకే ఆయన ఖైదీగా తిరిగి వచ్చారు. ఆయనను నిర్దోషిగా అధికారికంగా గుర్తించింది 1954లో.

మొదటి యజమాని: శిబిరం

1935 జూన్ 23న సోవియట్ మంత్రివర్గం నోరిల్స్క్‌లో నికెల్ కర్మాగారం నిర్మించాలని తీర్మానించింది. నిర్మాణ బాధ్యతను పరిశ్రమల శాఖకు కాక, అంతర్గత వ్యవహారాల శాఖకు, అంటే ఎన్‌కేవీడీకి అప్పగించింది. రెండు రోజుల్లోనే ‘నోరిల్లాగ్’ అనే నిర్బంధ శ్రమ శిబిరం ఏర్పాటుకు ఉత్తర్వులు వెలువడ్డాయి. ఇక్కడ క్రమాన్ని గమనించాలి. ఊరు ఉండి జైలు రాలేదు. పరిశ్రమ ఉండి కార్మికులు రాలేదు. ముందు శిబిరం, దాని చేతులతో కర్మాగారం, దాని నీడలో ఊరు.

తొలి అధిపతి వ్లదీమిర్ మత్వేయెవ్ ఆశించిన వేగం చూపలేదని 1938లో ఆయనను తొలగించారు. తరువాత అరెస్టు కూడా చేశారు. ఆయన స్థానంలో వచ్చిన అవ్రామి జవెన్యాగిన్ అంతకు ముందు మగ్నితోగోర్స్క్ ఉక్కు కర్మాగారాన్ని నడిపిన వ్యక్తి. ఆయన 1941 వరకు నోరిల్స్క్‌లో ఉన్నారు. తరువాత సోవియట్ అణ్వాయుధ కార్యక్రమంలో కీలక పదవి నిర్వహించారు. కర్మాగారాల అధిపతే శిబిరానికీ అధిపతి. ఉత్పత్తి లక్ష్యం, ఆహార కొలత, శిక్ష, ఇల్లు అన్నీ ఒకే బల్ల మీద నిర్ణయమయ్యేవి. 1942లో, యుద్ధ కాలంలో, ఇక్కడి తొలి శుద్ధ నికెల్ ట్యాంకుల ఉక్కు కోసం తరలింది.

1950ల ఆరంభంలో, శిబిరం అత్యధిక స్థాయిలో ఉన్నప్పుడు నోరిల్లాగ్‌లో ఖైదీల సంఖ్య 70 వేలు దాటింది. నగర నడిబొడ్డున లెనిన్‌గ్రాద్‌ను తలపించే వీధుల రూపకల్పనలోనూ ఖైదీల చేయి ఉంది. ఆర్మీనియాకు చెందిన గెవోర్గ్ కోచార్, మికాయెల్ మజ్మన్యాన్ వంటి పేరున్న వాస్తుశిల్పులు ఇక్కడ శిక్ష అనుభవిస్తూనే నక్షాలు గీశారు. ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేలలో కాంక్రీటు స్తంభాలు దించి, వాటి మీద బహుళ అంతస్తుల భవనాలు నిలబెట్టే పద్ధతిని అభివృద్ధి చేసిన ఇంజనీరు మిఖాయిల్ కిమ్ కూడా ఖైదీగా వచ్చిన వ్యక్తే. ఆ కృషికి తరువాత ఆయనకు లెనిన్ బహుమతి లభించింది.

1948లో రాజకీయ ఖైదీల కోసం ‘గోర్లాగ్’ అనే ప్రత్యేక శిబిరాన్ని వేరుగా నెలకొల్పారు. 1953 మార్చిలో స్టాలిన్ మరణించాక ప్రకటించిన క్షమాభిక్ష ఆ ఖైదీల్లో అత్యధికులకు వర్తించలేదు. మే నెలలో కాపలాదారుల కాల్పుల్లో ఖైదీలు మరణించడంతో శిబిరాలు ఒకటి తరువాత ఒకటి పని ఆపేశాయి. ఉక్రెయిన్, బాల్టిక్ ప్రాంతాల నుంచి వచ్చినవారు ముందు వరుసలో నిలిచారు. మహిళా శిబిరమూ వారితో చేరింది. వారి కోరికలు ఏమిటి? పని గంటలు తగ్గించాలి. బట్టల మీద అంకెలు తొలగించాలి. కుటుంబాలకు ఉత్తరాలు రాసుకోనివ్వాలి. కేసులను పునఃపరిశీలించాలి. మాట్లాడటానికి మాస్కో నుంచి ప్రతినిధులు రావాలి. ముళ్ళకంచె అవతల ఉన్న ఊరి ప్రజలకు తమ గోడు చెప్పుకోవడానికి గాలిపటాలకు కరపత్రాలు కట్టి ఎగరేశారు.

ఆ గాలిపటాలు నోరిల్స్క్‌లో తొలి రాజకీయ ప్రసంగాలు. కంచె లోపలివారు కంచె బయటివారిని తోటి పౌరులుగా భావించి పలకరించిన సందర్భం అది. ఆ పలకరింపు అణచివేతతో ముగిసింది. పదుల సంఖ్యలో ఖైదీలు ప్రాణాలు కోల్పోయారు. అయితే చౌకగా దొరుకుతుందనుకున్న నిర్బంధ శ్రమ ఇక భద్రమైనది కాదని పాలకులకు తెలిసివచ్చింది. 1956లో నోరిల్లాగ్ మూతపడింది.

రెండో యజమాని: మంత్రిత్వ శాఖ

శిబిరం పోయాక నోరిల్స్క్‌కు స్వచ్ఛందంగా వచ్చే మనుషులు కావలసి వచ్చారు. కొమ్సొమోల్ పిలుపుతో యువతీ యువకులు వేలల్లో తరలివచ్చారు. ఆదర్శంతో వచ్చినవారు కొందరైతే, ఉత్తరాది భత్యంతో రెట్టింపయ్యే జీతం కోసం, పొడవైన సెలవుల కోసం, త్వరగా వచ్చే పింఛను కోసం వచ్చినవారు మరికొందరు. విడుదలైనా తిరిగి వెళ్ళడానికి చోటు లేని పాత ఖైదీలు ఎందరో అక్కడే ఉండిపోయారు. ఒకే మెట్ల మీద మాజీ కాపలాదారు, మాజీ ఖైదీ, మాస్కో నుంచి వచ్చిన కొత్త పట్టభద్రుడు ఎదురుపడే ఊరు అది. గతం గురించి బహిరంగంగా మాట్లాడుకోవడం మాత్రం 1980ల చివరి వరకు సాధ్యపడలేదు.

1960లో సమీపంలోని తల్నాఖ్ వద్ద కొత్త నిక్షేపాలు బయటపడ్డాయి. దాంతో ఊరి భవిష్యత్తు మరో కొన్ని తరాలకు ఖాయమైంది. 1979లో నదెజ్దా కర్మాగారం మొదలైంది. ఆ మాటకు రష్యన్‌లో ఆశ అని అర్థం. ఊరి గాలిలో గంధకపు ఘాటును మరింత పెంచింది కూడా ఆ ఆశే. ఏటా దాదాపు ఇరవై లక్షల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో కలిసేది. కర్మాగారాల నుంచి గాలి వీచే దిశలో అడవులు కిలోమీటర్ల పొడవున ఎండిపోయాయి.

పేరుకు నగర సోవియట్ ఉంది. ఎన్నికలు జరిగేవి. కానీ ఇళ్ళు, వేడి నీరు, విద్యుత్తు, దుకాణాలు, క్రీడా మైదానాలు, బిడ్డల వేసవి విడుదులు అన్నీ కర్మాగారాల సముదాయం చేతిలోనివే. దాని డైరెక్టరు మాస్కోలోని మంత్రికి జవాబుదారీ. నగర సోవియట్ అధ్యక్షుడు ఆ డైరెక్టరును అడిగి తెచ్చుకునే స్థితిలో ఉండేవాడు. సోవియట్ పరిభాషలో అలాంటి పరిశ్రమను ‘నగరాన్ని ఏర్పరిచే సంస్థ’ అంటారు. ఆ మాటలోనే పాలనా సూత్రం దాగి ఉంది. నగరం సంస్థను ఏర్పాటు చేసుకోలేదు కనుక, సంస్థను ప్రశ్నించే హక్కూ దానికి లేదు.

అయినా ఆ కాలాన్ని ఒక్క మాటతో కొట్టిపారేయడం న్యాయం కాదు. నాటక శాల, ఈత కొలను, వైద్యం, చదువు, దక్షిణాదికి సెలవు ప్రయాణం ఇవన్నీ ఆ ఊరి కార్మికుడికి దక్కాయి. హక్కుగా కాక యజమాని ఉదారతగా దక్కాయి. ఆ తేడా ఎంత పెద్దదో 1990లలో తెలిసింది.

మూడో యజమాని: వాటాదారులు

1989లో కర్మాగారాలను ‘నోరిల్స్క్ నికెల్’ అనే ప్రభుత్వ సంస్థ కిందికి తెచ్చారు. సోవియట్ యూనియన్ పతనం తరువాత అది వాటాల సంస్థగా మారింది. 1995 నవంబరు 17న జరిగిన వేలం రష్యా ఆర్థిక చరిత్రలో అత్యంత వివాదాస్పద ఘట్టాల్లో ఒకటి. బడ్జెట్టు లోటుతో సతమతమవుతున్న ప్రభుత్వం తన విలువైన సంస్థల వాటాలను బ్యాంకుల వద్ద తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకునే పథకాన్ని చేపట్టింది. ఆ పథకాన్ని ప్రతిపాదించిన వ్యక్తి బ్యాంకరు వ్లదీమిర్ పొటానిన్. నోరిల్స్క్ నికెల్‌లో 38 శాతం వాటా, అంటే ఓటు హక్కున్న వాటాల్లో 51 శాతం, ఆయన ఒనెక్సిమ్ బ్యాంకు వద్దకు చేరింది. ధర 17.01 కోట్ల డాలర్లు. ప్రారంభ ధర 17 కోట్లు. వేలం నిర్వాహకుల్లో ఒనెక్సిమ్ బ్యాంకే ఉంది. 35.5 కోట్ల డాలర్లకు వచ్చిన పోటీ బిడ్‌ను హామీ పత్రాలు చెల్లవంటూ తోసిపుచ్చారు. అప్పు తీరలేదు. 1997లో ఆ వాటా పొటానిన్ బృందానికి శాశ్వతంగా దక్కింది. ఈ మధ్యలో, 1996 ఆగస్టు నుంచి కొన్ని నెలల పాటు, ఆయన దేశ ప్రథమ ఉప ప్రధానిగా కూడా పని చేశారు.

ఖైదీల చేతులతో మొదలై, మూడు తరాల కార్మికుల ఊపిరితిత్తులతో నిలిచిన ఆస్తి అలా చేతులు మారింది. ఆ బేరంలో నగరానికి స్థానం లేదు.

ఆ తరువాత సంస్థకు కర్మాగారాలు మాత్రమే సరిపోలేదు. పన్నుల మీద పట్టు కావాలి. నోరిల్స్క్ భౌగోళికంగా తైమిర్ స్వయంప్రతిపత్తి ప్రాంతం నడుమ ఉన్నా, పాలనాపరంగా క్రస్నయార్స్క్ కిందికి వచ్చేది. సంస్థ రిజిస్ట్రేషనేమో తైమిర్ రాజధాని దుదింకాలో. పన్ను ఎవరికి చెందాలన్న దాని మీద రెండు ప్రాంతాల మధ్య ఏళ్ళ తరబడి తగవు నడిచింది. 2001లో సంస్థ అధిపతి అలెగ్జాందర్ ఖ్లొపోనిన్ తైమిర్ గవర్నరుగా ఎన్నికయ్యారు. 2002 ఏప్రిల్‌లో క్రస్నయార్స్క్ గవర్నరు అలెగ్జాందర్ లెబెద్ హెలికాప్టరు ప్రమాదంలో మరణించడంతో, ఆ ఏడాదే ఖ్లొపోనిన్ ఆ పదవికీ ఎన్నికయ్యారు. సంస్థ నుంచే వచ్చిన నోరిల్స్క్ మేయరు ఒలేగ్ బుదార్గిన్ 2003 ఆరంభంలో తైమిర్ గవర్నరయ్యారు. కంపెనీ కార్యాలయం నుంచి గవర్నరు కార్యాలయానికి నిచ్చెన వేసినట్టయింది.

ఇదే కాలంలో, 2001 నవంబరులో, నోరిల్స్క్‌లోకి విదేశీయుల ప్రవేశాన్ని ప్రభుత్వం నిషేధించింది. ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప బయటి కన్ను ఊరి మీద పడని ఏర్పాటు అది.

ఒక్కసారి పలికిన ఓటు

అయితే 2003 అక్టోబరులో లెక్క తప్పింది. బుదార్గిన్ ఖాళీ చేసిన మేయరు పదవికి జరిగిన ఎన్నికలో కార్మిక సంఘాల నాయకుడు వలేరీ మెల్నికోవ్ గెలిచారు. ఓడినవారిలో సంస్థ యాజమాన్యం నుంచి వచ్చిన లేవ్ కుజ్నెత్సోవ్ ఉన్నారు. జీతం ఇచ్చే సంస్థ మనిషికి కాక, ఆ సంస్థతో జీతాల కోసం పోరాడే మనిషికి ఊరు ఓటు వేసింది. గాలిపటాల కరపత్రాల తరువాత అర్ధ శతాబ్దానికి వినిపించిన జవాబుగా దీన్ని చూడవచ్చు.

కానీ మేయరు కుర్చీ గెలవడం వేరు, నగరాన్ని పాలించడం వేరు. పన్నుల పంపకం పై ప్రభుత్వాల చేతిలో ఉంది. వేడి, విద్యుత్తు, రేవు, ఉపాధి సంస్థ చేతిలో ఉన్నాయి. 2004లో గవర్నర్ల ప్రత్యక్ష ఎన్నికనే రష్యా రద్దు చేసింది. మేయరు ఎన్నికలో ఓడిన కుజ్నెత్సోవ్ 2010లో అధ్యక్షుడి ప్రతిపాదన మీద క్రస్నయార్స్క్ గవర్నరయ్యారు. నోరిల్స్క్ ఓటర్లు కాదన్న మనిషి, వారి ఓటుతో పని లేకుండానే వారి ప్రాంతానికి అధిపతి అయ్యారన్నమాట. తరువాతి చట్ట సవరణలు నగర అధిపతి ప్రత్యక్ష ఎన్నికను కూడా ఐచ్ఛికం చేశాయి. ఎంపిక సంఘంలో సగం మందిని గవర్నరు నియమించే పద్ధతి వచ్చింది. 2017లో నోరిల్స్క్ అధిపతిగా రినాత్ అఖ్మెత్చిన్‌ను ఎన్నుకున్నది ప్రజలు కాదు, నగర మండలి.

డీజిల్ ఎవరి ఖాతాలో?

2020 మే 29న సంస్థ అనుబంధ విద్యుత్ కేంద్రంలో ఒక ఇంధన ట్యాంకు కుంగి పగిలింది. సుమారు 21 వేల టన్నుల డీజిల్ కారిపోయి దల్దికాన్, అంబర్నయా నదులు ఎర్రబారాయి. ఆ నీళ్ళు చేరే ప్యాసినా సరస్సు నుంచి దారి నేరుగా కారా సముద్రానికి. వేడెక్కుతున్న వాతావరణంలో గడ్డకట్టిన నేల కరగడమే కారణమని సంస్థ మొదట చెప్పింది. పారిశ్రామిక భద్రతా సంస్థ దర్యాప్తులో ట్యాంకు పునాది నిర్మాణంలోని లోపాలు, పర్యవేక్షణ లేమి కూడా బయటపడ్డాయి. మిఖాయిల్ కిమ్ తరం ఇంజనీర్లు స్తంభాలు దించేటప్పుడు ఏ నేలను శత్రువుగా గుర్తించి లెక్కలు వేశారో, ఆ నేల మీదే తరువాతి తరం అశ్రద్ధ చూపింది.

జూన్ 3న టెలివిజన్‌లో ప్రసారమైన సమావేశంలో, అసలు పరిస్థితి సామాజిక మాధ్యమాల ద్వారా తనకు తెలిసిందని గవర్నరు అలెగ్జాందర్ ఉస్ దేశాధ్యక్షుడు పుతిన్‌తో చెప్పారు. సమాచారం సకాలంలోనే ఇచ్చామని సంస్థ వాదించింది. ఎవరి మాట నిజమైనా, ఒక నగరం పొలిమేరలో జరిగిన విపత్తు వార్త ప్రాంతీయ పాలకుడికి చేరే మార్గం కూడా ఆ వ్యవస్థలో పని చేయలేదని స్పష్టమైంది.

ఆ తరువాత ఏమైంది? విద్యుత్ కేంద్రం అధికారుల మీద కేసులు నడిచాయి. నగర అధిపతి అఖ్మెత్చిన్ రాజీనామా చేశారు. విధి నిర్వహణలో నిర్లక్ష్యం నేరం కింద కోర్టు ఆయనను దోషిగా తేల్చింది. ట్యాంకు ఆయనది కాదు. దాన్ని తనిఖీ చేసే అధికారమూ నగర పాలక సంస్థది కాదు. విపత్తు వేళ చేయవలసిన పనులు చేయలేదన్నది ఆయనపై అభియోగం. అందులో నిజం ఉండవచ్చు. అయితే అధికారం అతి తక్కువగా ఉన్న చోట బాధ్యత అతి సులభంగా అతుక్కుంటుందన్న సంగతినీ ఆ తీర్పు చూపింది.

2021 ఫిబ్రవరిలో క్రస్నయార్స్క్ కోర్టు సంస్థకు సుమారు 14,600 కోట్ల రూబుళ్ళ పరిహారం విధించింది. డాలర్లలో దాదాపు 200 కోట్లు. రష్యాలో పర్యావరణ నష్టానికి అది అపూర్వమైన మొత్తం. సంస్థ అప్పీలు చేయకుండా చెల్లించింది. నదులకు జరిగిన నష్టం కింద 14,549 కోట్లు కేంద్ర బడ్జెట్టుకు వెళ్ళాయి. నేలకు జరిగిన నష్టం కింద నోరిల్స్క్ నగర బడ్జెట్టుకు దక్కింది సుమారు 68 కోట్లు, మొత్తంలో అర శాతం కన్నా తక్కువ. ఆ నదుల మీద బతికే నేనెట్స్, దొల్గాన్, ఎవెంకీ వంటి స్థానిక జాతుల ప్రతినిధులు ప్రపంచ వేదికల మీద తమ గోడు వినిపించవలసి వచ్చింది.

అదే ఏడాది నగర పునరుద్ధరణకు 2035 వరకు సాగే ఒక భారీ ఒప్పందం కుదిరింది. వ్యయం సుమారు 12 వేల కోట్ల రూబుళ్ళు. అందులో 8 వేల కోట్లకు పైగా సంస్థ భరిస్తుంది. కుంగుతున్న భవనాల స్థానంలో కొత్త ఇళ్ళు రావడం మంచిదే. నగరం మధ్యనున్న పాత నికెల్ కర్మాగారాన్ని 2016లో మూసివేశారు. నదెజ్దాలో గంధకాన్ని పట్టి ఉంచే వ్యవస్థ 2023లో మొదలైంది. వీటినీ కాదనలేము. కానీ నిర్ణయించే బల్ల చుట్టూ ఎవరు కూర్చున్నారో చూస్తే 1935 నాటి క్రమం గుర్తుకు రాక మానదు. మాస్కో ఉంది, సంస్థ ఉంది, గవర్నరు ఉన్నారు. నగరం తరఫున కూర్చున్న వ్యక్తి ఓటర్లు నేరుగా ఎన్నుకున్నవాడు కాదు.

ష్మిత్ కొండ పాదం వద్ద ‘నోరిల్స్క్ గొల్గోథా’ పేరుతో స్మారక స్థలం ఉంది. శిబిరాల మృతులను పూడ్చిన చోట బాల్టిక్ దేశాలవారు, పోలెండ్ వారు, రష్యన్లు వేర్వేరుగా చిహ్నాలు నిలిపారు. నగర దినోత్సవాన్ని మాత్రం నోరిల్స్క్ ఏటా జూలైలో లోహ కార్మికుల దినోత్సవంతో కలిపే జరుపుకుంటుంది. సంస్థ పండుగే ఊరి పండుగ. అదే జూలై నెలలో, 1953లో, పని ఆపేసి నిలబడిన మనుషులు తమను మాట్లాడనివ్వమని అడిగారు. వారు అడిగినది ఆ నగరానికి పూర్తిగా దక్కవలసే ఉంది.